కమల చింపిన రెండో కాగితం

నాంపల్లి స్టేషన్ వెనక గల్లీల ఎవరింటికన్న చావు కార్డు వచ్చిందంటె, ఏడుపు మొదలుకాకముందే ఎవరో ఒకరు కమలమ్మ తలుపు దిక్కు చూస్తరు. ఆమెకెట్ల తెలుస్తదో ఆ దేవునికే ఎరుక. చేతులకు పిండి అంటుకోని ఉన్నా సరే, ఉరికొస్తది. "ఆగున్రి, చింపకున్రి! ఆఖరు దాక చదివిన్రా? కవర్ల ఇంకేమన్న ఉన్నదేమో చూసిన్రా?" అనుకుంట మీదికొస్తది. చదువురానోళ్లయితె తనే గుంజుకోని చదువుతది. వెనకా ముందూ, అంచుల పొంటి అడ్డంగ రాసింది గూడ విడిచిపెట్టదు. అంతా అయినంక, "ఇగ మీ ఇష్టం" అని చేతికిచ్చి పోతది.

కొత్తగ కిరాయికి దిగినోళ్లకు ఇది వింతగనే ఉంటది. "ఏందమ్మా ఈమె, మైల కాగితాన్ని గంత మక్కువతోని చదువుతది?" అని చెవులు కొరుక్కుంటరు. కొరుక్కోనియ్యి. ఆమె కత తెలిస్తె మల్ల ఆ మాట అనరు.

పద్ధతి మన అందరికి తెలిసిందే గదా. చావు కబురు మోసుకొచ్చిన కాగితం గడప దాటి లోపటికి రావద్దు. వాకిట్ల నిలబడే చదవాలె, చదివిన చేతులతోనే చింపాలె, ముక్కలు మురికినీళ్ల మోరీల పడెయ్యాలె, నెత్తి మీద ఇన్ని నీళ్లు పోసుకోని అప్పుడు ఇంట్లకు రావాలె. తాతల కాలం నుంచి నడుస్తున్నదే. కమల గూడ ఆ పద్ధతి తప్పలే. తప్పి ఉంటె ఎంత బాగుండు అని ఇప్పటికీ అనుకుంటది.

కమలకు తోడబుట్టినోడు ఒక్కడే, ఇంద్రసేన. వాడికి ఆరేండ్లప్పుడు తల్లి పోయింది, ఏడాది తిరగకముందే తండ్రి పోయిండు. అప్పటికి కమలకు పదహారేండ్లు, కొత్త పెండ్లికూతురు. తమ్ముని చెయ్యి పట్టుకోని అత్తగారింటికి వచ్చి వాకిట్ల నిలబడి, "వీడుంటెనే నేనుంట" అన్నది. అత్త లక్ష్మీనర్సమ్మ నోరు గట్టిదే గని మనసు మెత్తన. "లోపటికి రా పిల్లా, పిడికెడు బువ్వ తినెటోడు మాకు బరువయితడా" అన్నది. పెనిమిటి వామన్‌రావు ఆబిడ్స్‌ల పుస్తకాల దుకాణంల గుమస్తా. మాట తక్కువ మనిషి. అట్టలు ఊడిపోయి అమ్ముడువోని లెక్కల పుస్తకాలు బావమరిదికి తెచ్చిచ్చి, వాడు చేస్తుంటె పక్కన కూసోని చూసెటోడు.

గట్ల గట్లనే చదివి ఇంద్రసేన లెక్కల పంతులైండు. బషీర్‌బాగ్ దిక్కు ఒక బళ్లె నౌకరి. వాడి దస్తూరి చూడాలె, ముత్యాలే! కమల వాడు రాసిన సామాన్ల చిట్టీ గూడ పారెయ్యక గల్లీల అందరికి చూపిచ్చెటిది. "నా తమ్ముని రాత చూడున్రి, అచ్చు గుద్దినట్టున్నది" అని మురిసేది. వాడేమో సిగ్గుపడి, "అక్కా, అది కందిపప్పు చిట్టీనే" అనెటోడు.

అరవై ఆరుల ఇథియోపియా దేశపోళ్లు మన పంతుళ్లను తీస్కపోతున్నరని తెలిసి, ఇంద్రసేన దరఖాస్తు పెట్టిండు. పని దొరికింది. "అదెక్కడున్నదిరా?" అని లక్ష్మీనర్సమ్మ అడిగితె, "హబ్షీల దేశం అత్తా" అన్నడు. "మన ఊర్ల హబ్షీగూడకు పోతందుకు గింత పెద్ద పెట్టె ఎందుకురా, పొద్దున పోయి మాపటికి రారాదూ" అన్నది ముసలామె. ఇంటిల్లిపాది కడుపులు పట్టుకోని నవ్విన్రు. పోయే ముందటి దినం వాడు అక్కను మొజంజాహీ మార్కెట్‌కు తీస్కపోయి ఐస్‌క్రీం తినిపిచ్చిండు. కమల సగం తిని, "నాకు దిగుతలేదురా" అని గిన్నె వాడి దిక్కు జరిపింది.

అక్కడ గుట్టల మీద ఒక చిన్న ఊరి బళ్లె వాణ్ణి వేసిన్రు. పదిహేను దినాలకొక జాబు వచ్చేది. అక్కడి చలి, అక్కడి పుల్లటి రొట్టె, తోటి పంతులు లక్ష్మణరావు అనే తెనాలి ఆయన చేసే చారు, అన్నీ రాసెటోడు. పోస్టుమాన్ బిచ్చయ్య దూరం నుంచే కవరు ఊపుకుంట వస్తుంటె, కమల చేతుల పని చేతులనే విడిచిపెట్టి గడపల నిలబడేది.

అరవై ఎనిమిది ఎండకాలంల వచ్చిన జాబుల ఒక ముచ్చట ఉన్నది. బడి ఊరికి ఆరు మైళ్ల దూరమట, నడువలేక కాళ్లు పోతున్నయట, ఎవరో పాత ఫట్‌ఫటి, అదే మోటారు సైకిలు, అమ్ముతున్నరట, కొంటడట.

కమలకు భయం పట్టుకున్నది. ఎందుకంటె, అంతకు ముందు ఏడాదే ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు ముందట ఒక జవాను పిల్లగాడు ఫట్‌ఫటి మీదికెళ్లి పడుడు ఆమె కండ్లార చూసింది. ఇంద్రకు జాబు డబ్బల వేసి మళ్లుతున్నది. ఆ పిల్లగాని చెప్పొకటి ఎగిరొచ్చి ఆమె కాళ్లకాడ పడ్డది. ఎన్నో దినాలు ఆ చెప్పే కలలకొచ్చింది.

ఇగ ఆమె తీరు ఒకటుండె. భయమైతె తిడ్తది. పిల్లగాడు కింద పడితె ముందు వీపు మీద ఒకటి చరిచి, తర్వాత ఒళ్లెకు తీసుకునే రకం. ఆ దినమే కాగితం పెన్ను పట్టుకోని రాసింది: "నువ్వు ఆ బండి కొన్నవంటె నాకు జాబు రాయకు. దాని మీదికెళ్లి పడి నీకేమన్న అయితె నాకు కబురు గూడ చెయ్యకు. నాకు తమ్ముడే లేడనుకుంట." వామన్‌రావు చదివి, "జర నెమ్మదిగ రాయరాదూ" అన్నడు. "మెత్తగ చెప్తె వింటడా వాడు?" అని కవరు అంటుపెట్టి తనే పోయి డబ్బల వేసొచ్చింది. కాలు జారితె తీసుకోవచ్చు గని నోరు జారితె తీసుకోలేమంటరు. రాసి డబ్బల వేసిన మాటయితె ఇగ చెప్పనక్కరలేదు.

వాడు బండి కొన్నడు. దాని మీద కూసోని ఫోటో దిగి పంపిండు. వెనక ఆ ముత్యాల రాతతోని, "అక్కా, గుస్స చెయ్యకు. సైకిలు లెక్కనే మెల్లగ నడుపుతున్న" అని రాసిండు. కమల జవాబియ్యలే. ఇంకో జాబు వచ్చింది, ఇంకోటి వచ్చింది. అన్నీ రెండేసి సార్లు చదివి బియ్యం డబ్బ మీద పెట్టేది, జవాబు మాత్రం రాయకపోయేది. మొండి జిద్దు. రాఖీ పున్నమ దగ్గరికొచ్చింది. బేగంబజార్ల రాఖీ కొన్నది, కవర్ల పెట్టి అడ్రసు గూడ రాసింది. "ఈసారి వాడే అడగాలె, అప్పుడు పంపుత" అనుకోని అది గూడ డబ్బ మీదనే పెట్టింది. పున్నమ ఎల్లిపోయింది.

ఆ తర్వాత నెల దినాలకు ఒక పగటిపూట బిచ్చయ్య వచ్చిండు. కవరు ఊపలే. "అమ్మా, అక్కడ్నుంచే వచ్చింది గని రాత మన సారుది కాదు" అన్నడు. కమల వాకిట్లనే నిలబడి తీసింది. లోపట రెండు కాగితాలు మడతపెట్టి ఉన్నయి. పైది లక్ష్మణరావు రాసింది. "అక్కయ్యగారికి, ఈ ఉత్తరం రాయడానికి నాకు చేతులు రావడం లేదు" అని మొదలైంది. బండి జారి పడ్డడనీ, పదకొండు దినాలు దవాఖానల ఉన్నడనీ, బతకలేదనీ, కర్మ తనే చేసి బూడిద అక్కడి ఏట్ల కలిపిననీ ఉన్నది.

కమల నోట్లకెళ్లి ఒక్క కూత వెళ్లింది. లోపట్నుంచి లక్ష్మీనర్సమ్మ ఉరికొచ్చి, సంగతి తెలిసి, తలుపు పట్టుకోని కూలబడ్డది. పెద్దామె గదా, ఆ దుఃఖంల గూడ పద్ధతి మరువలే. "లోపటికి తేకు బిడ్డా, చింపు. చింపి పారెయ్యి" అన్నది. కమల చింపింది. రెండు కాగితాలూ కలిపే చింపింది. చింపుతుంటె రెండోది జర విచ్చుకున్నది. గీతల కాగితం. నిండా అడ్డదిడ్డంగ, పలక మీద కొత్తగ దిద్దే పిల్లల రాత లెక్క పెద్ద పెద్ద అక్షరాలు. కండ్లనిండ నీళ్లు, ఏం కనబడ్తది? వాడి బడిపిల్లలెవరో రాసిన్రేమో అనుకున్నది. ముక్కలు మోరీల పడ్డయి. పక్కింటి కిష్టవ్వ బిందెడు నీళ్లు తెచ్చి నెత్తి మీద పోసింది.

ఇగ ఆ తర్వాత మూడేండ్లు కమల ఎట్ల బతికిందో చూసినోళ్లకే తెలుసు. వండేది, పెట్టేది, నల్లాకాడ వంతుకు నిలబడేది, కొట్లాడెటిది మాత్రం బందయింది. ఇదివరకు బిందె ముందుకు జరిపితె నోరు లేసే మనిషి, ఇప్పుడు ఎవరు ముందు పట్టుకున్నా చూసుకుంట ఊకునేది. "నోరు జాగ్రత్త" అని తనకు తనే చెప్పుకునేది. తమ్ముడు పోయిన దుఃఖం ఒకెత్తు. వాడు తన మీద గుస్సతోనే పోయిండా అన్నది ఇంకొకెత్తు. ఐదు నెల్లు జవాబియ్యని అక్క. కబురు గూడ చెయ్యకన్న అక్క. దవాఖానల పదకొండు దినాలు పండుకోని వాడేమనుకున్నడు? ఇదే ఫికర్. వామన్‌రావు, "వాడికి నీ సంగతి తెల్వదా" అనెటోడు. "తెలిస్తె మాత్రం, నొప్పి కాదా?" అనేది. లక్ష్మణరావుకు రాసి అడుగుదామని రెండు మూడు సార్లు కాగితం ముందటేసుకున్నది. "నా తమ్ముడు నన్ను తిట్టిండా?" అని పరాయి మనిషిని ఎట్ల అడుగుతరు? అడగలే.

డెబ్బై ఒకటిల, కార్తీకంల, లక్ష్మణరావే వచ్చిండు. సన్నగ, పొడుగ్గ, కండ్లద్దాలు పెట్టుకున్న మనిషి. స్టేషన్ నుంచి రేకు పెట్టె భుజాన పెట్టుకోని నడిచే వచ్చిండు. "ఇంద్రసేన గారి అక్కయ్యగారి ఇల్లు ఇదేనాండీ?" అన్నడు. దేశం విడిచి ఇప్పుడే తిరిగొచ్చిననీ, ఇంద్రసేన సామాను ఎవరితోనో పంపెటందుకు మనసొప్పక ఆగిననీ చెప్పిండు. పెట్టెల వాడి చేతిగడియారం, రెండు కమీజులు, పెన్ను, లెక్కల పుస్తకాలు ఉన్నయి. కమల కమీజు ముక్కుకాడ పెట్టుకున్నది. మూడేండ్లకు అందుల రేకు వాసన తప్ప ఏం మిగల్లే.

చాయ్ తాగినంక ఆయన నెమ్మదిగ చెప్పుకొచ్చిండు. "వానలకి కొండ రోడ్డు కొట్టుకుపోయిందండీ. మలుపులో బండి జారింది. కుడి చెయ్యి బండి కింద నలిగిపోయింది. కంచరగాడిద బండి మీద పద్నాలుగు మైళ్లు తీసుకొచ్చాం ఆసుపత్రికి. భాష రాని ఊరు. డాక్టరుకి ఒక మాట చెప్పాలంటే ఇద్దరు మనుషులు మధ్యలో ఉండాలి. పోలీసులేమో బండి కాగితాలు తెమ్మని నన్ను తిప్పేవాళ్లు. నేను ఆ వరండాలోనే పడుకునేవాణ్ణి. మొదటి రోజే మీకు తంతి కొడతానన్నాను. వద్దన్నాడు."

"వద్దన్నడా?" అన్నది కమల.

"'మా అక్క కబురు చెయ్యొద్దంది సార్, చేస్తే తిడుతుంది' అన్నాడు. నవ్వుతూనే అన్నాడండీ. చెయ్యి నయమయ్యాక తనే రాస్తానన్నాడు. చెయ్యి నయం కాలేదు. పైకి కుళ్లు పాకింది. తొమ్మిదో రోజున, 'ఇక కబురు చెయ్యాల్సిందే' అని తనే కాగితం అడిగాడు. నన్ను రాయనివ్వలేదు. నేను అట్ట పట్టుకుంటే, ఎడమ చేత్తో తనే రాశాడు. రెండు రోజులు పట్టింది." ఆయన ఆగి, కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఆ ఉత్తరం భద్రంగా దాచుకున్నారు కదమ్మా?"

అడ్డదిడ్డంగ ఉన్న ఆ పెద్ద పెద్ద అక్షరాలు కమల కండ్లల్ల మెదిలినయి. బడిపిల్లల రాత కాదు. ముత్యాల దస్తూరి తమ్ముడు ఎడమ చేత్తోని రాసిన రాత.

లక్ష్మణరావుకు ఆమె మొఖం చూస్తె ఏం సమజయిందో, చెప్పుకుంటనే పోయిండు: "నేను చదవలేదండీ. ఇంకొకరి ఉత్తరం చదవకూడదు కదా. కానీ రాస్తూ రాస్తూ చివర్లో ఒకచోట నవ్వాడు. అంత జ్వరంలో! ఏం రాసి నవ్వాడో అని మూడేళ్లుగా అనుకుంటూనే ఉన్నాను. మీకు అభ్యంతరం లేకపోతే ఆ ఒక్క మాట చెప్పండి."

కమలకు అబద్ధం ఆడదామని ఒక్క క్షణం అనిపిచ్చింది. ఏదో ఒక మాట చెప్తె ఆ మంచి మనిషి సంతోషంగ పోయెటోడు. నోరు రాలే. "చింపిన" అన్నది. "చదువక చింపిన. రెండూ కలిపి చింపిన."

"నేనే గదరా చింపమన్నది!" అని లక్ష్మీనర్సమ్మ నెత్తి కొట్టుకున్నది. "నా నోట్ల మన్నువడ! మల్ల చూసిన్నా, ఎన్ని కాగితాలున్నయని చూసిన్నా!"

లక్ష్మణరావు తెల్లవోయిండు. "విడిగా పంపుదామనుకున్నానమ్మా. మీకు ముందు చావు కబురు చేరి, ఆ తర్వాత ఆయన రాత వస్తే మీరు తట్టుకోలేరని ఒకే కవర్లో పెట్టాను" అన్నడు. "మా ఇళ్లల్లోనూ చింపుతారు. మా నాన్న పోయినప్పుడు వచ్చిన కార్డు నేనే చింపాను. తెలిసి కూడా నాకు తట్టలేదు. పైన ఒక్క ముక్క రాస్తే సరిపోయేది, రెండోది ఆయన రాసిందని." అంత పెద్ద మనిషి చిన్నపిల్లగాని లెక్క మోకాళ్ల మీద తలపెట్టి ఏడ్సిండు. కమలనే లేసి పోయి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఏడ్వకు తమ్మీ. నువ్వు పదకొండు దినాలు వాడికాడ ఉన్నవు. నేను లేను" అన్నది. ఆ దినం వామన్‌రావు ఆయన్ను రైలెక్కిచ్చి వచ్చిండు.

తెల్లారి పొద్దుగాల, మగాయన దుకాణానికి పోయినంక, కమల రేకు పెట్టె ముందట కూసున్నది. తమ్ముని పెన్ను తీసి, సిరా నింపింది. గీతల కాగితం ఒకటి పరుచుకోని, పెన్ను ఎడమ చేతుల పట్టుకున్నది. రాస్తె ఎట్లుంటదో చూద్దామని, గంతే. "ఇంద్రా" అని రాయబోయింది. పెన్ను జారింది. కాగితం పక్కకు జరిగింది. మల్ల పట్టుకున్నది. ఒక్క పేరు పూర్తయ్యేసరికి మణికట్టు గుంజింది, అక్షరాలేమో గుడ్డికొంగ నడిచినట్టు వచ్చినయి. ఆ రాత చూసి ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. అదే రాత. మోరీల పడేసింది అదే రాత.

అయినా విడువలే. నల్లా వచ్చింది, గల్లీల బిందెలు మోగినయి, కిష్టవ్వ పిలిచింది, నల్లా బందయింది. కమల లేవలే. అప్పటికి నాలుగు మాటలే అయినయి. వేలు వాచినట్టయింది, భుజం లాగింది. ఆమెకేమో జ్వరం లేదు, నొప్పి లేదు, ఇంకో చెయ్యి సాఫ్‌గ ఉన్నది. నాలుగు మాటలకే ఇంత కష్టం. వాడు ఆ కాగితం నిండా రాసిండు. అంత దూరాన, కుళ్లిపోతున్న చెయ్యి పక్కన పెట్టుకోని, రెండు దినాలు కూసోని నిండా రాసిండు.

"గుస్స ఉన్నోడు గింత కష్టపడి రాయడు" అన్నది బయటికే. అని, ఆ కాగితం మీద తల పెట్టి, మూడేండ్ల సంది ఏడ్వని ఏడుపు ఏడ్సింది. వాడికి తన మీద కోపం లేదన్న సంతోషమా, ఆ మాట వాడి రాతల చదువక చింపేసుకున్న కర్మమా, ఏది ఏదో ఆమెకే తెల్వలే.

చప్పుడు విని లక్ష్మీనర్సమ్మ గోడ పట్టుకోని మెల్లగ వచ్చింది. సిరా అంటిన చేతులు చూసింది, వంకర వంకర రాత చూసింది, పక్కన బియ్యం డబ్బ మీదికెళ్లి తీసి పెట్టిన పాత రాఖీ కవరు చూసింది.

"ఏం రాస్తున్నవే బిడ్డా?" అని అడిగింది.

కమల ముక్కు చీదుకోని పెన్ను మల్ల ఎడమ చేతులనే పట్టుకున్నది. "జవాబు అత్తా" అన్నది. "వాడెప్పటి సందో ఎదురుచూస్తున్నడు."